గోడలు, గవాచులు, తీగలేని తంతి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నేను మాటలాడుదునని తెలిసినప్పుడు మీలో పలువురు భారతమునుండియో వసుచరిత్రనుండియో ఒక ఘట్టమును ఎదురుచూచి యుందురు. ఆ గ్రంథములను నేను చదువుకొన్నది ఈ గ్రంథాలయపు బల్లమీదనే. నాకు గురువు లేడు. ఈ అలమారలే గురువులు. ఆ ఋణము కొంత తీర్చుకొనుటకు ఒక పద్యభాగమును వ్యాఖ్యానించి కూర్చుండుట ఉచితముగనే యుండెడిది. కాని కార్యవర్గమువారు నాకు వేరొక పని ఒప్పగించిరి. రజతోత్సవ స్మారకముగా పఠనమందిరమున తీగలేని ఇంటర్నెట్టును, అనగా పిల్లలందరును వైఫై అని పిలుచుదానిని, నెలకొల్పవలెనని వారు తలపెట్టినారు. "మీరు మీ ఇంట దానితో రెండేండ్లు కుస్తీ పట్టితిరి గదా, ఆ అనుభవమేదో సభకు చెప్పుడు" అనిరి. చేయి కాల్చుకొన్నవానిని పిలిచి పొయ్యి సంగతి అడిగినట్లున్నది. ఆ పిలుపు సబబైనదే గనుక ఒప్పుకొంటిని.

నేను యంత్రశాస్త్రజ్ఞుడను గాను. మా తాతగారు ఈ ఊరి కరణము. 1984లో ఆ ఉద్యోగములు రద్దయినపుడు నాకు పదునాలుగేండ్లు. పేరు మాత్రము పోలేదు. నేను సహకార సంఘపు లెక్కలు వ్రాయువాడనే అయినను, ఊరివారు నన్ను నేటికిని కరణమనియే పిలుచుచున్నారు. లెక్కలు వ్రాయువానికి ఒక దుర్గుణముండును. ఏ కష్టము వచ్చినను దానిని గళ్ళు గీచి వ్రాసికొనును. అందుచేత నేను పడిన పాట్లన్నియు ఒక నోటుపుస్తకమున నున్నవి. దానినుండియే మనవి చేయుచున్నాను.

మొదట మన ఇండ్ల సంగతి చెప్పవలెను. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు, బేతంచెర్ల ప్రాంతముల వారికి నాపరాయిని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. మనకు నేల నాపరాయి, మెట్లు నాపరాయి, పొలము గట్టు నాపరాయి, కొందరికి పైకప్పును నాపరాయియే. మా ఇల్లు పాతది. రాయి మట్టితో కట్టిన రెండడుగుల మందపు గోడలు, దూలములు, దంతెలు, పైన చవుడు మట్టి. వీధి అరుగు, దాని వెనుక ముందటి అంకణము, పిదప పడసాల, గాదె యుండిన గది, వంటయిల్లు, పెరడు. గాలి వెలుతురులకు పడసాలలో నొకటి, ముందటి అంకణములో నొకటి గవాచులున్నవి. చైత్ర వైశాఖములలో బయట నిప్పులు చెరుగుచుండగా లోపల మనిషి కన్నుమూసి నిద్రించుటకు వీలుగా మన పెద్దలు కట్టిన కట్టడ మిది. ఎండను రానీయని గోడ మరి దేనిని రానిచ్చును? ఈ ప్రశ్న నాకు ముందుగా తోచియుండవలసినది, తోచలేదు.

తోచకపోవుటకు కారణము నాలోని పాత సంస్కారము. మా ఇంట రేడియో యుండెడిది. తపాలా కార్యాలయమున లైసెన్సు కట్టి, మిద్దెమీద రెండు గుంజల నడుమ రాగితీగ కట్టి, తాతగారు దానిని వినువారట. కడపలో ఆకాశవాణి కేంద్రము 1963లో వచ్చినది. ఆ కేంద్రమునుండి మాటలు కొండలు దాటి, గోడలు దాటి మా పడసాలలోనికి వచ్చెడివి గదా! మరి మన ఇంటిలోనే యున్న పెట్టెనుండి పక్క గదికి రాలేవా అనుకొంటిని. 1895 ప్రాంతమున జగదీశచంద్ర వసుగారు కలకత్తాలో కంటికి కానరాని తరంగములను గోడల గుండ పంపి ఆవల గంట మ్రోగించిరని చదివియుంటిని. ఆ మహనీయుని తరంగములు గోడను దాటినవని చదివితినేగాని, అది ఎటువంటి గోడయో, దాటిన పిదప ఎంత మిగిలెనో విచారింపలేదు. తార్కికులు ఆకాశమునకు శబ్దమును గుణముగా చెప్పుదురు. ఆకాశము అంతటను వ్యాపించియుండునందురు. ఆ తర్కమును పట్టుకొని నేను రూటరు అను పెట్టెను కొంటిని.

ఇంటర్నెట్టు తీగ ఊరికి వచ్చిన వైనము మీరెఱిగినదే. రాష్ట్ర ప్రభుత్వము 2015లో ఫైబర్‌నెట్ సంస్థను ఏర్పరచి, నేల త్రవ్వుటకు మారుగా విద్యుత్ స్తంభములమీదుగనే గాజుతీగను లాగించినది. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు దానిని ప్రారంభించిరి. ఆనాడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, ఫోను అని ప్రకటించిరి. పిదప ప్రైవేటువారును వచ్చిరి. మా ఇంటికి తీగ తెచ్చినవారు వేరొకరు. వారి పేరు ఈ కథకు అవసరము లేదు. వారి మనిషి ఒకనాడు మధ్యాహ్నము వచ్చి, తలుపు పక్కన చిల్లు పొడిచి, పెట్టె తగిలించి, దీపములు నాలుగును పచ్చగా వెలుగుటను చూపి, సంతకము తీసికొని పోయెను. అతడు చేయవలసినది అతడు చేసెను. అటుపైన జరిగిన తప్పులన్నియు నావి.

మొదటి తప్పు వినుడు. పెట్టె ఖరీదు గలది; దుమ్ము, ఎలుకలు, బల్లులు. దానిని భద్రపరుపవలెనని తీగను పొడిగింపజేసి, గాదె గదిలో నున్న ఇనుప బీరువాలో, పట్టుబట్టల పై అరలో పెట్టి తలుపు వేసితిని. వెలుగును పెట్టెలో మూసినట్లయినది. లోహము ఈ తరంగములను లోనికి రానీయదు, బయటకు పోనీయదు; తాకినదానిని వెనుకకు త్రిప్పికొట్టును. మా ఇంటిది మూడు దినములు ఊరకుండి, నాలుగవనాడు, "బట్టలకేమైనా పాఠాలు చెప్పిస్తాండారా?" అని అడిగినది. పెట్టె బయటకు వచ్చినది. ముందటి అంకణమున దీపము పెట్టు గూటిలో దానిని నిలిపితిని.

రెండవ తప్పు అంకెలను నమ్ముట. ఫోనులో మా పెట్టె పేరు రెండుమార్లు కనబడుచుండెను, ఒకదాని చివర 2.4 అనియు, రెండవదాని చివర 5 అనియు. అయిదు పెద్దది గదాయని ప్రతిమారు దానినే ఎన్నుకొంటిని. అవి బలమును తెలుపు అంకెలు గావనియు, సెకనుకు తరంగము ఎన్ని వందల కోట్లమారులు కదలాడునో తెలుపునవనియు పిదప తెలిసినది. మొదటిదాని తరంగము పొడవు పండ్రెండున్నర సెంటీమీటర్లు, అనగా జానెడుకంటె తక్కువ. రెండవదానిది అందులో సగమునకును లోబడినది. పొట్టి తరంగము వేగముగా ఎక్కువ సరుకు మోయును, కాని గోడ కనబడిన చతికిలబడును. ఒకే గదిలో కూర్చుండువారికి అయిదు మేలు. గోడకు ఆవలివారికి రెండున్నరకు లోపలిదే దిక్కు.

అప్పుడు నేను సర్వే మొదలుపెట్టితిని. పొలమునకు గొలుసు పట్టినట్లు ఇంటికి ఫోను పట్టితిని. అంకణము అంకణమునకు నిలిచి, ఫోనులో కనబడు అంకెను నోటుపుస్తకమున వ్రాసితిని. ఆ అంకెలు ఋణసంఖ్యలు. వీనిని డెసిబెల్ లెక్కలందురు. పెట్టె ముందు నిలిచిన ఋణము 38. ఒక గోడ దాటి పడసాలలో ఋణము 61. రెండు గోడలు దాటి గాదె గదిలో ఋణము 79. వంటయింట ఫోను ఏ అంకెయు చూపక గుండ్రముగా తిరుగుచుండెను. ముప్పదియెనిమిదికిని అరువదియొకటికిని భేదము ఇరువదిమూడే గదా, అది ఏపాటి నష్టమని మీరనవచ్చును. నేనును అట్లే అనుకొంటిని. కాని ఈ లెక్కలో పది మెట్లు దిగినచో బలము పదియవ వంతగును. ఇరువది దిగినచో నూరవ వంతు. ఇరువదిమూడు దిగినచో రెండువందలవ వంతు. పెట్టెనుండి బయలుదేరునదే ఒక వాటులో పదియవ వంతు ప్రాంతమున నుండును. ఆ పిడికెడు గింజలలో పెట్టె ముందు ఫోనుకు అందినదానిలో రెండువందల వంతులకు ఒక వంతు పడసాలలో అందుచున్నదన్నమాట. వడ్డీ లెక్కలు నలుబదియేండ్లుగా చూచినవాడనే యైనను, ఒక గోడ ఇంత తినివేయునని నేనెన్నడును ఎఱుగను.

ఇంత చెప్పి మీకొక విషయము చెప్పక దాచియుంచితిని. ఈ పెట్టెను నేను ఎందుకు తెచ్చితినో చెప్పలేదు. మా కుమారుడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నాడు. వానితో మాటలాడవలెనన్నది ఒకటి. రెండవది, మన ఊరు కొండ క్రిందనుండుటచే ఫోను గాలిలో అందుట అరుదు. మిద్దెయెక్కి ఒక మూల నిలిచిన అందును, ఇంటిలోనికి వచ్చిన పోవును. మా వీధిలో ఒక బాలిక యున్నది. అయిదవ తరగతి. తల్లి కువైటులో ఒకరి ఇంట పనిచేయుచున్నది. కడప సీమనుండి కువైటుకు పోయినవారు లేని వీధి మనకు అరుదు గనుక ఆ బ్రతుకు ఎట్టిదో వివరింపను. బాలిక అవ్వ దగ్గర పెరుగుచున్నది. తల్లికి శుక్రవారము రెండు గంటల విరామము దొరకును. అక్కడ మధ్యాహ్నము రెండు గంటలైనచో ఇక్కడ నాలుగున్నర. ఆ వేళకు బాలిక అవ్వ ఫోను పట్టుకొని మిద్దె యెక్కి, ఎండలో నిలిచి, తల్లి ముఖము చూడవలెనని యత్నించెడిది. ఒక శుక్రవారము నేనది చూచి, "మా ఇంటికి పెట్టె వచ్చినది, ఇక్కడినుండి మాటలాడుము" అంటిని.

ఆమె వచ్చినది. ముందటి అంకణమున కూర్చుండబెట్టితిని. అయితే అక్కడ వచ్చిపోవువారు, మా లెక్కల రైతులు, ఆ కేకలు. పిల్లకు అందరి ముందు తల్లితో మాటలాడుటకు సిగ్గు. పడసాలలోనికి పోయినది. నా పుస్తకము ప్రకారము అక్కడ చిత్రము నిలిచి నిలిచి రావలెను. నేను వెళ్ళి చూచునప్పటికి ఆమె పడసాల నడుమ, సరిగా గవాచి క్రింద నిలిచి, తల పైకెత్తి ఫోనుతో మాటలాడుచున్నది.

"తాతా, ఈడ నిలబడితే అమ్మ మొగం బాగా కనపడతాంది. అటు పోతే నిలిచిపోతాంది" అన్నది.

కొలిచి చూచితిని. గవాచి క్రింద ఋణము 55. అయిదడుగులు పక్కకు జరిగిన ఋణము 70. అంకణమునకు ఒక అంకె వ్రాసికొని నేను సర్వే ముగించితిని. ఆ పిల్ల అడుగడుగు వెదకినది. కారణము ఆలోచింపగా, ముందటి అంకణపు గవాచి గుండ పైకి పోయిన తరంగము, పక్కనున్న పొడుగాటి కట్టడములమీద పడి వెనుకకు మరలి, పడసాల గవాచి గుండ దిగుచున్నదని నాకు తోచినది. అది నా ఊహయే. కాని గోడ గుండ రాలేనిది సందు గుండ వచ్చుననుట మాత్రము నిజము. మంచి వాన పడి మిద్దెమీది చవుడు నానిన దినములలో పడసాల అంకెలు మరింత దిగినట్లు నా పుస్తకములో మూడు చోట్ల వ్రాసియున్నది. నీరు ఈ తరంగములను పీల్చుకొనునది గనుక అదియు వింత గాదు. అయినను మన ప్రాంతమున వాన వలన కలిగిన నష్టమును ఎవరును ఫిర్యాదు చేయరాదు.

పిల్లను ఎల్లకాలము గవాచి క్రింద నిలబెట్టుట మర్యాద గాదు. కుమారుని అడుగగా మరియొక పెట్టె కొనుమనెను. ప్రొద్దుటూరునుండి తెచ్చితిని. అది మొదటి పెట్టె మాటను విని తిరిగి చెప్పునది. వినుట, చెప్పుట రెండును ఒకే నోటితో చేయవలసియుండుటచే దాని వేగము సగమైనది. పోనిమ్మని, దానిని మార్చి, సొంతముగా పంపిణీ చేయు మరియొక పెట్టెను తెచ్చితిని. అప్పుడు వచ్చినది అసలైన తగవు. ఇంటిలోని ప్రతి ఫోనునకును పెట్టె ఒక అంకెల చిరునామా ఇచ్చును. అది దాని తలుపు నెంబరు. మొదటి పెట్టె తన చిరునామా 192.168.1.1 అనుచున్నది. రెండవదియు తన చిరునామా అదియే అనుచున్నది. రెండును ఫోనులకు నెంబర్లు పంచుచున్నవి. ఒక గ్రామమున ఇద్దరు కరణములు కూర్చుండి ఒకే సర్వే నెంబరునకు ఇద్దరికి పట్టాలు వ్రాసి ఇచ్చినచో ఏమగునో మీరే ఊహింపుడు. ఫోనులన్నియు పచ్చగా "కలిసినది" అని చూపును. ఒక్క అక్షరము రాదు. పదునొకండు దినములు ఈ తగవు సాగెను. తీగవారి కార్యాలయమునకు ఫోను చేసినచో, "ఆపి మరల వెలిగించుడు" అను మంత్రము తప్ప వేరు మాట లేదు. ఆ మంత్రమునకు ఒక్కొక్కమారు ఫలితము కలుగుటయే దాని బలము. అందుచేత మనిషి కారణము వెదకుట మానును.

కడకు నాకు తట్టినది పాత రెవెన్యూ పద్ధతియే. ఒక కరణమును ఉంచి, రెండవవానిని తలారిగా మార్చవలెను. రెండవ పెట్టెలో నెంబర్లు పంచు అధికారమును తీసివేసి, దాని చిరునామాను వేరుచేసి, కేవలము మోయు పనికి ఉంచితిని. రెండు పెట్టెలకు నడుమ గాలిని నమ్మక తీగ వేసితిని. ముందటి గవాచి గుండ పైకి, మిద్దెమీదుగా, పడసాల గవాచి గుండ క్రిందికి, పదునెనిమిది మీటర్లు. ఈ జాతి తీగ నూరు మీటర్లవరకు పనిచేయును గనుక భయము లేదు. కోతులు రెండుమార్లు దానిని లాగి ఆడుకొనగా నీళ్ళగొట్టములో దూర్చితిని. తీగలేని తంతికి కడకు తీగయే దిక్కయినది. అది నెగ్గినది. పడసాలలో ఋణము 40. వంటయింట 63. పిల్ల పడసాలలో చాపమీద కూర్చుండి మాటలాడుట మొదలుపెట్టెను. నేను నోటుపుస్తకము మూసి, గెలిచితిననుకొంటిని.

ఇక్కడ ఒక విషయము వివరింపవలెను. ఈ తరంగములకు లైసెన్సు ఎవరిచ్చిరి? మన దేశమున 1933 నాటి చట్టము ప్రకారము తీగలేని యంత్రమేదియైనను లైసెన్సు లేక ఉంచుకొనరాదని యుండెను. తాతగారు రేడియోకు రుసుము కట్టినది అందుకే. వైఫైకి మూలమైన ప్రమాణము 1997లో ఏర్పడినది. ఆ పేరు 1999లో వచ్చినది. మన ప్రభుత్వము 2005 జనవరిలో 2.4 పట్టీని, ఇంత బలమునకు మించరాదను షరతుతో, లైసెన్సు లేకయే వాడుకొనవచ్చునని విడిచినది. ఇది చదివినపుడు నాకు మన లెక్కలలోని పోరంబోకు జ్ఞప్తికి వచ్చినది. పోరంబోకునకు పట్టా లేదు, శిస్తు లేదు. ఎవరి పశువైనను మేయవచ్చును. కాని నా పశువు మేతను నీ పశువు తినెనని ఎవరును దావా వేయరాదు. సరిగా ఇదియే ఆ పట్టీ చట్టము కూడ. ఒకరివలన కలుగు అలజడిని మరియొకరు సహింపవలసినదే. రక్షణ ఎవరికిని లేదు.

అందరును మేయుచోట తొక్కులాట తప్పదు. 1971లో హవాయి ద్వీపములలో ఆబ్రంసన్ అను ఆచార్యుడును ఆయన సహచరులును ద్వీపమునుండి ద్వీపమునకు గాలిలో లెక్కలు పంపు ఏర్పాటు చేసిరి. అందులో ఎవరికి తోచినపుడు వారు మాటలాడుదురు; ఇద్దరి మాటలు ఢీకొన్నచో, కొంత తాళి, మరల చెప్పుదురు. నేటి పెట్టెలు ఇంకను మర్యాదగలవి. ముందు చెవియొగ్గి, ఎవరును మాటలాడకున్నచో అప్పుడు నోరు తెరచును. సభామర్యాద యిదియే. మన గ్రామసభలో సైతము ఇంతటి క్రమము నేను చూడలేదు. అయితే ఈ మర్యాద వలన, వినువారు ఎక్కువైన కొలది ప్రతివాని వంతును ఆలస్యమగును.

వినువారు ఎక్కువైరి. పెట్టె బాగుపడెనని ఊరికి తెలిసినది. సంధ్యవేళకు మా అరుగుమీద ఏడెనిమిదిమంది యువకులు చేరుచుండిరి. నేను మొదట సంతోషించితిని. తాతగారి కాలమున ఆ అరుగు ఎప్పుడును ఖాళీగా నుండెడిది కాదట. కాని వీరు ఒకరితో నొకరు మాటలాడరు. తల వంచుకొని అర్ధరాత్రివరకు ఆటలు, సినిమాలు. లోపల మా కుమారునితో మాటలు ముక్కలు ముక్కలైనవి. నెలకింతయని ఉన్న వాడుక ఇరువదవ తేదీకే నిండి వేగము పడిపోయినది. కుమారుడు ఫోనులో, "తాళపుమాట మార్చుడు, ఎవరికిని చెప్పకుడు" అనెను.

తాళపుమాటతో నాకు వేరొక చరిత్ర కలదు. ఎనిమిదికి తక్కువ గాని అక్షరములు కావలెను. మొదటి తాళముగా నేను ఛందస్సులో గణములను జ్ఞాపకముంచుకొను సూత్రమును ఇంగ్లీషు లిపిలో పెట్టియుంటిని. అందులోని దీర్ఘములకు ఒక ఎ వ్రాసితినో, రెండు ఎలు వ్రాసితినో మరునాటికి నాకే మరుపు. ఇంటివారందరము నాలుగు విధముల వ్రాసి చూచి, కడకు పెట్టె వెనుక నున్న చిన్న రంధ్రములో పిన్నీసు గ్రుచ్చి దానిని పుట్టుకనాటి స్థితికి తెచ్చితిమి. ఈమారు లిపి తగవు లేకుండ కటపయాది సంఖ్యను ఆశ్రయించితిని. అందులో ప్రతి హల్లునకును ఒక అంకె; క, ట, ప, య లకు ఒకటి. సంయుక్తాక్షరమున చివరి హల్లునే లెక్కింపవలెను. "పుస్తకభాండాగారము" అను మాటను అట్లు చదివినచో 1, 6, 1, 4, 3, 3, 2, 5 అగును. శాస్త్రప్రకారము కుడినుండి యెడమకు వ్రాయగా 52334161. సరిగా ఎనిమిది అంకెలు. ఇది ఉదాహరణకు చెప్పితిని. మా ఇంటి తాళము వేరొక మాట. యువకులు శ్రమపడవలదు. అంకెలు మాత్రమే యున్న తాళము బలహీనమని మా కుమారుని ఆక్షేపణ. కటపయాది వచ్చిన దొంగ మా ఊరికి రాడని నా సమాధానము.

గురువారము రాత్రి తాళము మార్చితిని. ఇంటివారికి చెప్పితిని. అరుగువారికి చెప్పలేదు, అదియే గదా ఉద్దేశము. మరునాడు శుక్రవారము. సంఘపు లెక్కల తనిఖీకై నేను ప్రొద్దుటూరు పోయితిని. మా ఇంటిది బంధువుల ఇంట పెండ్లికి పోయినది. ఇల్లు తాళము. ఇట్టి దినములలో పిల్ల అరుగుమీద కూర్చుండి మాటలాడుట అలవాటు. గూటిలోని పెట్టె గోడకు ఆవలనే గనుక తలుపు సందున అందును.

శనివారము ఉదయము అవ్వ పాలచెంబుతో పోవుచు నిలిచినది.

"ఏమి సామీ, మీ యంత్రము చెడిపోయినాదా? బిడ్డ నిన్న పొద్దుగూకేదాకా అరుగుమీదనే కూసోని వచ్చినాది. రెండుమాట్లు మిద్దెక్కింది, ఆడా రాలేదంట. వాళ్ళమ్మ ఆడ ఏమనుకుందో ఏమో."

చెడిపోలేదని చెప్పితిని. అంతకుమించి అప్పుడు చెప్పలేకపోతిని. పిల్ల నన్ను ఏమియు అడుగలేదు. మరుసటి శుక్రవారము ఆ తల్లికి విరామము దొరకలేదు. యజమానులు ఎక్కడికో ప్రయాణమైరట. తల్లియు బిడ్డయు ఒకరినొకరు చూచుకొనుటకు మొత్తము ఇరువదియొక్క దినములు పట్టినది. ఫోనులో పాత తాళము ఉండుటచే అది మాటిమాటికి యత్నించి, "కలియలేకపోయినది" అని చూపినదట. తల్లి తనతో కలియలేదని ఆ పిల్ల మొదట అనుకొన్నదట. ఈ మాట నాకు అవ్వ చెప్పినది కాదు. పిల్లయే చాల దినములకు, వేరే ఏదో చెప్పుచు, నవ్వుచు చెప్పినది.

నా నోటుపుస్తకములో గోడల నష్టము వ్రాయుటకు గళ్ళున్నవి. దీనికి గడి లేదు. రెండేండ్లు గోడ గోడతో పోరాడి, కడకు నేను కట్టిన గోడ అన్నిటికంటె మందమైనదాయెను. పోరంబోకులో కంచె నాటితిని. అరుగువారిని ఆపవలెనని నాటిన కంచె ఎవరిని ఆపినదో చూచుకొనలేదు. కంచె అక్కరలేదని నేననను. అక్కర యున్నది. తెరచిన పెట్టెగుండ ఎవరేమి చేసినను దాని చిరునామా ఇంటి యజమానిదే. పోలీసు వచ్చినచో వారడుగునది నన్ను. కాని తాళము మార్చువాడు, ఆ తాళముతో ఎవరెవరు లోనికి వచ్చుచుండిరో ముందుగా పేర్లు వ్రాసికొనవలెను. జమాబందికి ముందు పేర్లు చదివి వినిపించునట్లు. నా వృత్తియే అది, నేనే మఱచితిని.

ఇప్పటి పెట్టెలలో ఒక సదుపాయమున్నది. ఒకే పెట్టెనుండి రెండు పేర్లు ప్రసరింపజేయవచ్చును, రెండవది అతిథులకు. దాని తాళము వేరు, దాని వేగమునకు హద్దు పెట్టవచ్చును, దానినుండి ఇంటివారి యంత్రములలోనికి తొంగిచూచుట సాధ్యపడదు. మా ఇంట ఇప్పుడది యున్నది. తిథి నియమము లేక వచ్చువాడు అతిథి యని పెద్దలు వ్యుత్పత్తి చెప్పుదురు. మా అతిథి ప్రతి శుక్రవారము నాలుగున్నరకు తప్పక వచ్చును గనుక ఆ మాట ఆమెకు చెల్లదు. అరుగువారికిని అది యిచ్చితిని, రాత్రి తొమ్మిదివరకు. ఇద్దరు అలిగిరి, మిగిలినవారు తొమ్మిదికి లేచి పోవుచున్నారు.

ఇక కార్యవర్గమువారు అడిగిన పని. మన గ్రంథాలయ భవనమును నిన్నను మొన్నను ఫోను పట్టుకొని తిరిగి చూచితిని. పెట్టెను కార్యదర్శిగారి గదిలో పెట్టవలదు. ఆ గదికిని పఠనమందిరమునకును నడుమ నాపరాతి గోడ, దానికి ఆనుకొని రెండు ఇనుప అలమారలు. పఠనమందిరపు నడుమ, తలకంటె ఎత్తున, వార్తాపత్రికల బల్లకు ఎదుటి స్తంభమునకు తగిలించుడు. స్త్రీల గదిలో అందుటకు రెండవ పెట్టె కావలెను. నడుమ తీగ వేయుడు, గాలిని నమ్మకుడు. రెండవదానిని తలారిగానే ఉంచుడు. కరెంటు పోవు వేళలకు చిన్న బ్యాటరీ అవసరము, దాని ఖర్చు అంచనాలో చేర్చలేదు, చేర్చుడు. తాళపుమాటను మూడు నెలలకొకసారి మార్చినను, మార్చుటకు వారము ముందుగా నల్లబల్లమీద వ్రాయుడు, చదువురానివారికి సహాయకుడు నోట చెప్పవలెను. చందా లేని పిల్లల పేర్లు వేరొక పుస్తకమున వ్రాసికొని వారికిని ఇయ్యుడు.

మరియొకటి. గ్రంథాలయమునకు శుక్రవారము సెలవు. ఆ దినము మధ్యాహ్నము నాలుగునుండి ఆరువరకు స్త్రీల గది తలుపు తెరచి యుంచుటకు మనిషి దొరకడని కార్యవర్గములో ఒకరు ఆక్షేపించిరి. తాళపుచెవి నా కిండు. నేను వచ్చి కూర్చుండెదను. కువైటులో తల్లులున్న పిల్లలు మన ఊరిలో పదునొకండుగురు ఉన్నారు. పేర్లు వ్రాసికొంటిని.